నీళ్లకు మన డ్యూటీ టైమ్ తెల్వదు
తీవీ వాదీ వెంట ఒక శుక్రవారం ప్రయాణం

మేమిద్దరం మస్కట్‌లో ఒక కాంట్రాక్టు కంపెనీ ఆఫీసులో గుమాస్తాలం. ఇద్దరమూ ఇంటర్ దాకా చదివి వచ్చినవాళ్లమే. ఒకరు టైమ్ షీట్లు రాస్తారు. ఇంకొకరు బండ్ల ట్రిప్ షీట్లు, డీజిల్ బిల్లులు చూస్తారు. ఖురియాత్, తీవీ, సూర్, ఇబ్రా అని రోజుకు ఎన్నిసార్లు రాస్తామో లెక్క లేదు. కానీ ఆ ఊళ్లు ఎలా ఉంటాయో, ఆ దారులు ఎలా ఉంటాయో మొన్నమొన్నటి దాకా మాకు తెలియదు. క్యాంపు, ఆఫీసు, మధ్యలో బస్సు కిటికీ. మా ఒమన్ అంతే. చదివే మీలో చాలామంది ఒమన్ కూడా అంతే అయి ఉంటుంది.

ఆ దారి మాకు చూపించింది మా కంపెనీ డ్రైవర్ అన్న. జగిత్యాల వైపు మనిషి. పద్నాలుగేళ్లు సైట్ క్యాంపులకు రేషన్, తాగే నీళ్లు మోసిన పికప్ ఆయనది. ఫైనల్ ఎగ్జిట్ మీద ఇంటికి పోవడానికి కాగితాలు పెట్టుకున్న వారంలో మా టేబుల్ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"పోయేముందు ఒక పని చెయ్యున్రి తమ్మీ. ఒక్కసారి నా పక్క సీట్ల కూసోని ఆ దారి చూడున్రి. తర్వాత ఏం రాస్తరో రాయున్రి" అన్నాడు.

ఏం రాశామో ముందు చెప్పాలి. అంతకు ఏడాది ముందు ఒక రోజు ఆయన సైట్‌కు రేషన్ తీసుకుపోతుంటే దారికి అడ్డంగా వాదీ వచ్చింది. ఆయన ఒడ్డున బండి ఆపేశాడు. సైట్ నుంచి ఫోన్, మేనేజర్ నుంచి ఫోన్. మేము ఆయనకు నాలుగుసార్లు ఫోన్ చేశాం. "అన్నా, వేరే కంపెనీ బండి దాటి వచ్చిందట కదా, నువ్వెందుకు ఆగినవ్?" అని అడిగింది కూడా మేమే. "ఆ బండి ఎత్తుంది. నాది లేదు. నీళ్లు దిగేదాకా దాట" అని ఫోన్ పెట్టేశాడు. మేము ట్రిప్ షీటులో "లేటు, 5 గంటలు" అని రాశాం. నెలాఖరున ఆరు రియాల్ కోత పడింది. ఆయన ఏమీ అనలేదు. మేమూ మరిచిపోయాం. ఆయన మరిచిపోలేదు.

అందుకే ఆ శుక్రవారం బయలుదేరాం. ఫోర్ వీల్ బండి ఒక రోజుకు ఇరవై ఐదు రియాల్‌కు కిరాయికి తీసుకున్నాం. కిరాయి, పెట్రోలు మావి. స్టీరింగు అన్నది. క్యాంపు మెస్సులో వంట మామ తెల్లారకముందే లేచి పులిహోర కలిపి, ఉల్లిగడ్డలు, మామిడికాయ తొక్కు కట్టి ఇచ్చాడు. "నీళ్లు ఎక్కువ పెట్టుకోండి, ఫోటోలు తక్కువ తీసుకోండి" అని కూడా చెప్పాడు.

వాదీ అంటే వాగే

మన భాషలో వాది అంటే కోర్టులో కేసు వేసినవాడు. ఇక్కడ వాదీ అంటే కొండల మధ్య నీళ్లు పారే లోయ. మన వాగు, ఒర్రె లాంటిదే. ఏడాదిలో ఎక్కువ రోజులు చాలా వాదీలు ఎండిపోయి గులకరాళ్లతో పడి ఉంటాయి. తీవీ వాదీ అలాంటిది కాదు. కొండల్లోని ఊటల వల్ల దీనిలో ఏడాది పొడవునా నీళ్లుంటాయి. నది లేని దేశంలో నదిలాంటి దారి చూడాలంటే ఇదే చూడాలని అన్న చెప్పాడు.

తెల్లవారుజామున ఐదింటికి క్యాంపు వదిలి అమరాత్ మీదుగా ఖురియాత్ రోడ్డు ఎక్కాం. మస్కట్ నుంచి సూర్‌కు ఈ సముద్రం పక్క రోడ్డు మీద దాదాపు రెండు వందల కిలోమీటర్లు. తీవీ దాని మీదే, సూర్‌కు ముందు వస్తుంది. ఇప్పుడు రెండు వైపులా రెండేసి లైన్ల నున్నటి రోడ్డు. ఇరవై ఏళ్ల కిందట ఖురియాత్ దాటాక అంతా మట్టి దారేనట. సూర్ పోవాలంటే చాలామంది ఇబ్రా మీదుగా లోపలి నుంచి చుట్టు తిరిగి పోయేవాళ్లట.

ఖురియాత్ దగ్గర లోపలికి పోతే దైఖా వాదీ మీద పెద్ద డ్యామ్ ఉంది. 2012లో ప్రారంభించారు. 10 కోట్ల ఘనపు మీటర్ల నీళ్లు పడతాయి. మన లెక్కలో మూడున్నర టీఎంసీలు. శ్రీరాంసాగర్ ముందు ఇది చిన్నపిల్లే. కానీ ఏ చుక్కకు ఆ చుక్క లెక్కపెట్టుకునే ఈ దేశంలో అది పెద్ద సంగతి.

ఆ తర్వాత రోడ్డు సముద్రం పక్కకు దిగుతుంది. ఎడమ చేతి వైపు నీలం సముద్రం, కుడి చేతి వైపు పచ్చగడ్డి కూడా మొలవని కొండలు. దిబాబ్ దాటాక ఒక పార్కులో పెద్ద గుంత, దాని అడుగున పచ్చటి నీళ్లు. దాన్ని హవియత్ నజ్మ్ అంటారు. నజ్మ్ అంటే చుక్క. ఆకాశం నుంచి చుక్క రాలిపడి ఆ గుంత పడిందని ఇక్కడివాళ్లు చెప్పుకుంటారు. నిజానికి కింద సున్నపురాయి కరిగిపోయి పైకప్పు కూలింది. లోపల దిగడానికి మెట్లు కట్టారు. టికెట్ లేదు. పులిహోర సగం అక్కడే అయిపోయింది.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. ఇదే రోడ్డు మీద ఇంకా ముందుకు పోతే సూర్ దగ్గర ఒమన్ ఇండియా ఫర్టిలైజర్ కంపెనీ ఉంది. మన ఇఫ్కో, క్రిభ్‌కో సంఘాలకు అందులో చెరి 25 శాతం వాటా. 2006లో ప్రారంభమైంది. అక్కడ తయారైన యూరియా ఏళ్ల తరబడి ఓడలెక్కి ఇండియాకు పోయింది. ఊళ్లో సొసైటీ ముందు చెప్పులు లైనులో పెట్టి యూరియా బస్తా కోసం నిలబడిన మనకు, ఆ బస్తాలో కొంత ఈ తీరం నుంచే వచ్చి ఉంటుందని తెలిస్తే ఈ రోడ్డు కొంచెం మనదనిపిస్తుంది.

వంతెన కింద నుంచి లోపలికి

తీవీ ఊరు రెండు వాదీల మధ్య ఉంది. మస్కట్ వైపు నుంచి పోతే ముందు వచ్చేది షాబ్ వాదీ. అక్కడ బండి ఆపి, పడవ మీద నీళ్లు దాటి నడిచి పోవాలి. సెలవు రోజుల్లో జనం కిటకిటలాడతారు. ఊరు దాటాక వచ్చేది తీవీ వాదీ. దీనిలోకి బండి పోతుంది. మా ప్రయాణం దీని కోసమే.

పెద్ద రోడ్డు వంతెన చాలా ఎత్తున, ఒక కొండ నుంచి ఇంకో కొండకు పోతుంది. దాని కింద నిలబడి పైకి చూస్తే లారీలు అగ్గిపెట్టెల్లా కనిపిస్తాయి. ఆ వంతెన కింద నుంచి చిన్న దారి లోపలికి పోతుంది. మొదట్లోనే నీళ్లు. అన్న బండి ఆపి, దిగి, ప్యాంటు పైకి మడిచి నీళ్లలోకి నడిచాడు. మోకాలు కింద దాకా ఉన్నాయి. అడుగున రాళ్లు కనిపిస్తున్నాయి. తిరిగి వచ్చి ఫోర్ వీల్ వేసి, మొదటి గేరులో, ఆపకుండా, తొందరపడకుండా దాటించాడు.

"నడిచి దాటలేని నీళ్లు బండితో దాటొద్దు. కనబడని అడుగు మీద చక్రం పెట్టొద్దు. ఈ రెండే నా చదువు" అన్నాడు.

లోపలికి పోయేకొద్దీ దారి ఒక బండికి సరిపోయేంత అయింది. ఒక పక్క రాతి గోడలాంటి కొండ, ఇంకో పక్క కింద నీళ్లు. వంపు రాగానే హారన్ కొడతాడు. ఎదురుగా బండి వస్తే ఎవరో ఒకరు వెనక్కి పోవాలి. ఎక్కే బండికి దిగే బండి దారి ఇవ్వాలట, ఎందుకంటే ఏటవాలులో ఆగిన బండిని మళ్లీ ఎక్కించడం కష్టం. ఒకచోట అలా యాభై గజాలు వెనక్కి వచ్చాం. మాలో ఒకరు కళ్లు మూసుకున్నారు. ఎవరో చెప్పం.

కొండల మధ్య ఇంత పచ్చదనం ఉంటుందని మేము అనుకోలేదు. ఖర్జూరం చెట్లు, వాటి నీడలో అరటి, మామిడి, నిమ్మ. మెట్లు మెట్లుగా రాళ్లు పేర్చి కట్టిన మళ్లు. రెండో ఊరు దాటాక మామిడి పూత వాసన బండిలోకి వచ్చింది. ముగ్గురం కాసేపు మాట్లాడలేదు. ఊర్లో మామిడి తోటలకు మందు కొట్టే రోజులు, రాత్రి కావలి, ఎవరికి గుర్తొచ్చింది వాళ్లకు.

మళ్లలో పని చేసేవాళ్లు ఎక్కువగా బంగ్లాదేశీలు. ఒక కుర్రాడు అరటి గెల భుజాన వేసుకుని మెట్లు దిగుతూ ఆగి చెయ్యెత్తాడు. అతనికి ఈ పచ్చదనం విహారం కాదు, డ్యూటీ. అది మరిచిపోతే మేమూ కెమెరా పట్టుకుని వచ్చే టూరిస్టులమే.

ఫలజ్ లెక్క

ఆ మళ్లకు నీళ్లు పారించేది ఫలజ్. అంటే కొండ అంచున కట్టిన సన్నటి కాలువ. పైన ఊట దగ్గర మొదలై, పంపు లేకుండా, కరెంటు లేకుండా, కేవలం వాలు మీద కిందికి వస్తుంది. ఒమన్‌లో ఇలాంటివి మూడు వేల దాకా ఇంకా పారుతున్నాయి. 2006లో యునెస్కో అయిదింటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. వాటిలో ఒకటైన అల్ జీలా ఫలజ్ ఈ సూర్ విలాయత్‌లోనిదే.

నీళ్ల వంతు పద్ధతి మన ఊరి చెరువు కింద నీరటికాడు చూసే పద్ధతిని గుర్తు చేసింది. ముందు తాగడానికి, తర్వాత మసీదుకు, స్నానాలకు, ఆ తర్వాత చెట్లకు. చేనుకు వంతు గంటల లెక్కన. గడియారాలు లేని రోజుల్లో పగలు నీడ చూసి, రాత్రి చుక్కలు చూసి వంతు మార్చేవాళ్లు. సుమారు అరగంట వంతును అథర్ అంటారు. పక్కవాడి నీళ్లు తిప్పుకుంటే ఎక్కడైనా గొడవే. జగిత్యాలలోనైనా, తీవీలోనైనా.

హారత్ బిదా అనే ఊరు దగ్గర దారి ఇళ్ల మధ్య నుంచే పోయింది. అద్దాలు మడుచుకుని పోవలసి వచ్చింది. గుమ్మంలో కూర్చున్న పెద్దాయన కాళ్లు వెనక్కి తీసుకున్నాడు, నవ్వాడు. ఆ తర్వాత కాంక్రీటు వేసిన ఏటవాలు. ముక్కు ఆకాశంలోకి పెట్టినట్టు బండి ఎక్కింది. పైన మీబామ్. దారి చివరి ఊరు. దాని కింద లోయలో కొలనులు, రాళ్ల మీద నుంచి జారే నీళ్లు.

జుమ్మా నమాజ్ అయ్యేదాకా ఊరి బయట చెట్టు కింద కూర్చున్నాం. ఎవరి ఊరికి పోయినా వాళ్ల పద్ధతి వాళ్లది. మధ్యాహ్నం తర్వాత కొలను దాకా దిగి కాళ్లు పెట్టాం. చల్లదనం మోకాళ్ల దాకా పాకింది. ధర్మపురిలో గోదావరి స్నానం చేసి ఎన్నేళ్లయిందో అన్న వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. పదమూడు అన్నాడు. మధ్యలో ఒక పుష్కరం కూడా పోయింది, 2015లో. ఆ పన్నెండు రోజులు ఆయన సైట్లో ఉన్నాడు.

రంగు మారిన నీళ్లు

మూడున్నరకు బయలుదేరదామని లేచాం. బండి ఎనిమిదింటికి అప్పగించాలి. తెల్లారితే శనివారం, మాకు డ్యూటీ. మా తల మీద ఆకాశం నీలంగానే ఉంది. కానీ పడమర కొండల వెనుక నల్లగా ఉంది. అన్న బండి ఎక్కలేదు. కొలను వైపే చూస్తూ నిలబడ్డాడు.

"పొద్దుగాల నీళ్లల్ల రాయి కనబడ్డది. ఇప్పుడు కనబడుతలేదు" అన్నాడు.

మేము చూశాం. నీళ్లు టీ రంగులో ఉన్నాయి. ఎండుటాకులు, పుల్లలు తేలి వస్తున్నాయి. ఎత్తు పెద్దగా పెరగలేదు. మేము ఏమన్నామో రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాం. "ఇంకా రాలేదు కదా అన్నా, తొందరగా పోతే దాటిపోతం." ఏడాది కింద ఫోన్‌లో అన్న మాటే. ఈసారి ఆయన పక్కన నిలబడి అన్నాం.

ఆయన కోప్పడలేదు. "దాటేది ఒక్కచోట కాదు. పైకెళ్లి కిందికి దారంత దాని పక్కకే. నడిమిట్ల దొరికితే ముందుకు లేదు, ఎనుకకు లేదు. నీళ్లకు మన డ్యూటీ టైమ్ తెల్వదు తమ్మీ" అన్నాడు.

అప్పుడే ఊరి పెద్దాయన ఒకరు చేతి కర్రతో వచ్చి బండి ముందు నిలబడ్డాడు. "సదీఖ్, మాఫీ రోహ్. వాదీ ఈజీ" అన్నాడు. పోవద్దు, వాదీ వస్తోంది అని. ఆయన కర్ర కొండ వైపు చూపించింది.

ఇరవై నిమిషాలు కూడా కాలేదు. ముందు చప్పుడు వచ్చింది. క్రషర్ దగ్గర పని చేసినవాళ్లకు ఆ చప్పుడు తెలుసు. రాళ్లు రాళ్లను కొట్టుకునే చప్పుడు. తర్వాత తడిమట్టి వాసన. ఆ తర్వాత మట్టి రంగు నీళ్లు, ముందు ఖర్జూరం మట్టలు, వెనుక ఒక ప్లాస్టిక్ డ్రమ్ము. మేము కాళ్లు పెట్టిన కొలను ఏదో, రాయి ఏదో తెలియలేదు. కింద వంపు దగ్గర పొద్దున మేము వెనక్కి వచ్చిన దారి అంచు నీళ్లలో పోయింది. మేము బయలుదేరి ఉంటే ఆ సమయానికి దాదాపు ఆ వంపు దగ్గరే ఉండేవాళ్లం. మా తల మీద అప్పటికీ ఒక్క చినుకు పడలేదు.

ఆ రాత్రి ఊరివాళ్లు మజ్లిస్ వరండాలో చాపలు వేశారు. ఖర్జూరాలు, కహ్వా, తర్వాత అన్నం. మేము మిగిలిన పులిహోర, తొక్కు ముందు పెట్టాం. పెద్దాయన తొక్కు రుచి చూసి కళ్లనీళ్లు తుడుచుకున్నాడు, మళ్లీ అడిగాడు. ఫోన్ సిగ్నల్ ఒక గోడ దగ్గర మాత్రమే వచ్చింది. మేనేజర్‌కు మెసేజ్ పెట్టాం: "వాదీ వచ్చింది, రేపు లేటు." పెట్టాక ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

ఎందుకింత తొందరగా వస్తుంది?

మన దగ్గర వాన పడితే ముందు నేల తాగుతుంది. తర్వాత కుంట, దాని కింద చెరువు, దాని కింద ఇంకో చెరువు తాగుతుంది. మిగిలింది వాగులోకి పోతుంది. ఇక్కడ కొండ మీద మట్టి లేదు, చెట్టు లేదు. పడిన చినుకు పడినట్టే జారుతుంది. కొండలు సముద్రానికి దగ్గర, వాలు ఎక్కువ. పది లోయల నీళ్లు ఒక సందులోకి వచ్చేసరికి గోడలా వస్తాయి. వాన పడేది ఎక్కడో కొండ మీద, వరద వచ్చేది ఎండ కాసే చోట. అందుకే తెలియనివాళ్లు మోసపోతారు.

నీటి బరువు మనం తక్కువ అంచనా వేస్తాం. ఒక ఘనపు మీటరు నీళ్లు టన్ను బరువు. పారే నీళ్లు ఒక అడుగు ఎత్తుంటే చిన్న కారును కదిలిస్తాయి. రెండు అడుగులుంటే పెద్ద ఫోర్ వీల్‌ను కూడా ఎత్తుకుపోగలవు. లోపల గాలి ఉండడం వల్ల బండి డబ్బాలా తేలుతుంది, చక్రానికి పట్టు పోతుంది. పైగా నీళ్ల కింద రోడ్డు ఉందో, కోసుకుపోయిందో పైనుంచి తెలియదు.

2007 జూన్‌లో గోను తుఫాను వచ్చినప్పుడు ఖురియాత్, సూర్ వైపు రోడ్లు, ఇళ్లు కొట్టుకుపోయాయి. దేశంలో యాభై మంది దాకా చనిపోయారు. 2021 అక్టోబర్‌లో షాహీన్ తుఫాను బాతినా తీరాన్ని ముంచింది. 2024 ఏప్రిల్ 14న తుఫాను ఏమీ లేదు, మామూలు వానే. సమద్ అల్ షాన్‌లో వాదీ వరదలో స్కూలు పిల్లలున్న బండి కొట్టుకుపోయింది. మన దగ్గర మాత్రం? 2005 అక్టోబర్‌లో వలిగొండ దగ్గర వరదకు రైలు కట్ట కోసుకుపోయి ప్యాసింజరు రైలు పడిపోయింది. వంద మందికి పైగా పోయారు. నీళ్లు ఎక్కడైనా నీళ్లే.

ఆగడం కూడా డ్యూటీయే

తెల్లారి నీళ్లు దిగాయి. ఊరి కుర్రాళ్లు పారలు పట్టుకుని ముందు నడిచి రాళ్లు తీశారు. మేమూ దిగి తీశాం. రెండు కిలోమీటర్లు రావడానికి రెండు గంటలు పట్టింది. చేతులు కొట్టుకుపోయాయి. మస్కట్ చేరేసరికి మధ్యాహ్నం. బండివాడు ఒక రోజు కిరాయి ఎక్కువ తీసుకున్నాడు. మా టైమ్ షీట్లలో సగం రోజు ఆబ్సెంట్ మేమే రాసుకున్నాం.

ఆదివారం ఒక కాగితం రాసి మేనేజర్ ముందు పెట్టాం. వాదీ దగ్గర డ్రైవర్ ఆగిన సమయాన్ని డ్యూటీగా లెక్కించాలని, దాటమని ఆఫీసు నుంచి ఎవరూ ఫోన్ చేయకూడదని, పాత కోతను తిరిగి ఇవ్వాలని. ఆయన మూడు రోజులు దాన్ని టేబుల్ మీదే ఉంచాడు. తర్వాత ముందు ముందు అలాగే చేద్దామని సంతకం పెట్టాడు. పాత కోత గురించి మాత్రం, ఆ ఏడాది లెక్క మూసేశాం, తెరవడం కుదరదన్నాడు. ఇప్పుడు మా ట్రిప్ షీటులో కొత్త గడి ఒకటి ఉంది. దాని పేరు "వాదీ". డ్రైవర్ ఆగితే అందులో టైమ్ రాస్తాం. జీతం కోయం.

డ్రైవర్ అన్నలకు, సైటుకు పికప్‌లలో పోయే తమ్ముళ్లకు, మాలాంటి గుమాస్తాలకు కొన్ని మాటలు:

- వాన కబురు ఉన్న రోజు వాదీ దారి పెట్టుకోవద్దు. తల మీద కాదు, కొండ మీద ఆకాశం చూడండి.

- రోడ్డు వాదీని దాటే చోట ఎరుపు, తెలుపు గుర్తుల కంబాలు ఉంటాయి. నీళ్లు ఎరుపు దాకా వస్తే ఆగాలి. తక్కువున్నా వేగంగా పారుతుంటే ఆగాలి.

- నీళ్ల రంగు మారినా, పుల్లలు ఆకులు కొట్టుకొస్తున్నా, రాళ్ల చప్పుడు వినిపించినా ఉన్నచోట నుంచి పైకి ఎక్కండి. సామాను కోసం, బండి కోసం వెనక్కి రావద్దు.

- ఎండిన వాదీ ఇసుక మెత్తగా ఉందని అందులో పడుకోవద్దు, వంట పెట్టుకోవద్దు.

- ముందు బండి దాటిందని మీరు దిగవద్దు. పారే వాదీలోకి కావాలని బండి దింపడం ఇక్కడ నేరం. జరిమానా, జైలు ఉండొచ్చు.

- ఆపద వస్తే పోలీసు నంబరు 9999. ఎక్కడున్నారో చెప్పడానికి దగ్గరి ఊరి పేరు, చివరగా చూసిన బోర్డు గుర్తుపెట్టుకోండి.

- ఆఫీసులో ఉన్నవాళ్లు, ఒడ్డున నిలబడినవాడికి ఫోన్ చేసి "ఇంకా ఎందుకు ఆగావు" అని అడగకండి. "ఎత్తున ఉన్నావా, నీళ్లున్నాయా తాగడానికి" అని అడగండి.

అన్న విమానం ఎక్కే రాత్రి క్యాంపు గేటు దాకా పోయాం. ఒక కవరులో ఆరు రియాల్ పెట్టి ఇచ్చాం. తీసుకోడేమో అనుకున్నాం. ఆయన కవరు విప్పి, లెక్కపెట్టి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"ఇది నాది. తీసుకుంట" అన్నాడు.

తర్వాత సంచి భుజానికి వేసుకుని బస్సు ఎక్కాడు. 2027లో గోదావరి పుష్కరాలు. ఈసారి ఆయన ఊళ్లోనే ఉంటాడు.